మిరపలో పడింది ఏ తామర పురుగో గుర్తుపట్టడం ఎలా

మందుల షాపుకెళ్ళి "తామర పురుగు పడింది" అంటే బాటిల్ చేతికొస్తుంది గానీ, ఆకులో ఉందా పూతలో ఉందా, పసుపుగా ఉందా నల్లగా ఉందా అని అడిగేవాళ్ళు తక్కువ. ఒకే చేలో, ఒక్కోసారి ఒకే మొక్క మీద, రెండు మూడు జాతుల తామర పురుగులు కలిసి ఉంటాయి. అవి తినే చోటు వేరు, దాక్కునే చోటు వేరు, మందుకి లొంగే తీరు వేరు. 2021లో గుంటూరు జిల్లాలో మొదలై ఖమ్మం, వరంగల్ వైపు దాకా మిరప పూతని ఎండబెట్టిన నల్ల తామర పురుగు, మన తాతల కాలం నుంచీ మిరప ఆకుని ముడిచే పురుగు ఒకటి కాదు. చాలామంది రైతులు మొదట్లో పాత పురుగే అనుకుని పాత మందులే మార్చి మార్చి కొట్టారు, పూత మాత్రం నిలవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వ్యవసాయ కోర్సులు చదివే పిల్లలకీ, ఊళ్ళో నలుగురికీ సలహా చెప్పే వాళ్ళకీ, లెన్స్ పట్టుకుని చూసే ఓపికున్న రైతులకీ పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్తాను. రంగు చూసి జాతి పేరు తేల్చేయకండి. రంగు అనుమానం వరకే తీసుకెళ్తుంది. ఖాయం చేసేది మీసాల కణుపులు, తల మీద వెంట్రుకలు, రెక్క ఈనెల మీద వెంట్రుకల వరస, పొట్ట చివరి పలకల అంచు. ప్రపంచంలో ఆరు వేలకు పైగా జాతులున్నాయి, మన దేశంలోనే ఏడు వందలకు పైగా, అందులో పసుపు రంగువీ గోధుమ రంగువీ లెక్కలేనన్ని. రంగొక్కటే సరిపోయేట్టయితే మైక్రోస్కోపుతో పనే ఉండేది కాదు.

ముందు అది తామర పురుగో కాదో చూడండి

మిరపలో ముడత కనపడగానే తామర పురుగు అనేయడం పెద్ద పొరపాటు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, అంచులు కిందికి తిరిగి ఆకు సన్నగా సాగి కాడ పొడుగైతే తెల్లనల్లి. పై ముడత, కింది ముడత అని రైతులు ఎప్పటి నుంచో చెప్పే తేడా ఇదే, చాలావరకు నిజమే. కానీ రెండూ కలిసి వచ్చిన తోటలో, దానికి తోడు ఆకుముడత తెచ్చే జెమినీ వైరస్ కూడా ఉన్న తోటలో, ఆకుని చూసి ఏమీ చెప్పలేం. పురుగునే చూడాలి. నల్లి పురుగుల జాతి కాదు, తల్లి నల్లికి ఎనిమిది కాళ్ళు, రెక్కలు ఉండవు, మీసాలు ఉండవు, గుండ్రంగా నిగనిగలాడుతుంది. తామర పురుగు సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఆరు కాళ్ళు, ముందుకి చాచిన రెండు మీసాలు. పెద్ద పురుగైతే వీపు మీద సన్నటి రెక్కలు, ఆ రెక్కల అంచుల చుట్టూ పొడుగాటి కుచ్చు వెంట్రుకలు ఉంటాయి. ఆ కుచ్చు అంచు కనపడిందంటే దాదాపు అనుమానం అక్కర్లేదు.

పూలలో తిరిగే ఇంకో చిన్న పురుగుంది, ఓరియస్ అంటారు. దాని పిల్లలు నారింజ రంగులో వెనక వైపు వెడల్పుగా ఉంటాయి, చకచకా పరిగెడతాయి, నోటికి సూది లాంటి ముక్కు కిందికి మడిచి ఉంటుంది. అది తామర పురుగుల్ని తినే మిత్ర పురుగు. దాన్ని చూసి తామర పురుగు అనుకుని మందు కొట్టేవాళ్ళున్నారు, చూస్తే బాధనిపిస్తుంది.

పురుగుని పట్టడం

ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, రెండూ కావాలి. నల్లటి పురుగు తెల్ల కాగితం మీద, పసుపు పురుగు నల్ల కాగితం మీద బాగా కనపడుతుంది. తెల్ల కాగితం ఒక్కటే తీసుకెళ్ళిన వాళ్ళకి పసుపు రంగు చిన్న పురుగులు కంటికి ఆనవు, ఇంటికొచ్చి "అన్నీ నల్లవే ఉన్నాయి" అంటారు. పొద్దున్నే, ఎండ ముదరకముందే వెళ్ళండి. చివరి లేత కొమ్మని కాగితం మీదికి వంచి వేలితో నాలుగైదు సార్లు గట్టిగా తట్టండి. తర్వాత వేరే కాగితం మీద పూలని తట్టండి. ఆకు నుంచి రాలినవీ పూవు నుంచి రాలినవీ కలపకండి, వేరు వేరు సీసాల్లో వేయండి. ఏ భాగంలో దొరికింది అన్న సమాచారమే సగం జవాబు.

పట్టడానికి నీటి రంగులు వేసే సన్నటి కుంచె, నంబరు సున్నా గానీ ఇంకా చిన్నది గానీ చాలు. దాన్ని స్పిరిట్‌లో తడిపి పురుగు మీద ఆనిస్తే అతుక్కుంటుంది, సీసాలో ముంచితే వదిలేస్తుంది. వేళ్ళతో పట్టారా, మీసాలు విరిగిపోతాయి, మీసాలు విరిగిన పురుగు గుర్తింపుకి సగం పనికిరాదు. స్లైడు చేయాలంటే 60 శాతం ఆల్కహాల్ పది పాళ్ళు, గ్లిసరిన్ ఒక పాలు, ఎసిటిక్ యాసిడ్ ఒక పాలు కలిపిన ద్రావణం మంచిది, అందులో పురుగు బిగుసుకుపోకుండా మెత్తగా ఉంటుంది. అది దొరక్కపోతే జెల్ కాని శానిటైజర్‌తో అయినా పని నడుస్తుంది. డీఎన్ఏ పరీక్షకి పంపే ఉద్దేశం ఉంటే మాత్రం కొన్నిటిని విడిగా 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టాలి.

నీలం, పసుపు జిగురు అట్టల మీద అంటుకున్నవి లెక్క చూసుకోవడానికి బావుంటాయి, జాతి చెప్పడానికి మాత్రం వాటి మీద ఆధారపడకండి. జిగురులో రెక్కలు ముద్దయిపోతాయి, రంగు మారుతుంది.

వరి నారుమడిలో పద్ధతి వేరు, చేతిని నీళ్ళలో తడిపి నారు మీద అరచేతితో అటూ ఇటూ నిమిరితే అరచేతికి అంటుకుంటాయి.

ఏ దశది చూడాలి

ఆడ తల్లి పురుగు, అంటే రెక్కలొచ్చిన పెద్దది, దొరికితేనే జాతి గురించి మాట్లాడాలి. గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి, కనపడవు. పిల్ల పురుగులు రెండు దశలు, రెక్కలుండవు, లేత పసుపుగా దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని పట్టుకుని ఇది ఫలానా జాతి అని ఎవరైనా లెన్స్‌తో చెప్తే నమ్మకండి. తర్వాత రెండు దశలు ఎక్కువగా మట్టిలోనో రాలిన ఆకుల్లోనో గడుస్తాయి. వాటికి పొట్టి రెక్క మొలకలు ఉంటాయి, తినవు, కదలిక తక్కువ. మీసాలు ముందుకి ఉంటే మొదటి దశ, తల మీదుగా వెనక్కి మడిచి ఉంటే రెండోది.

ఆడదా మగదా అంటే, ఆడది పెద్దగా ఉంటుంది, పొట్ట చివర మొనదేలి కిందివైపు రంపం లాంటి గుడ్లు పెట్టే పరికరం ఉంటుంది. మగది చిన్నది, సన్నది, పొట్ట చివర మొద్దుగా ఉంటుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, నల్ల తామర పురుగులో ఆడదే ముదురు రంగు, మగది పసుపు. ఒక మిరప పూవు విప్పి చూస్తే అడుగున, కేసరాల మొదట్లో, నల్లటి పెద్దవి నాలుగు, వాటి మధ్య పసుపు రంగు చిన్నవి రెండు కనపడతాయి. చూసినవాళ్ళు రెండు జాతులున్నాయి అనుకుంటారు. రెండూ ఒకటే జాతి కావచ్చు. దానికి తోడు అప్పుడే బయటికి వచ్చిన ఆడది కూడా రంగు ముదరక లేతగా ఉంటుంది.

చేతి లెన్స్‌తో ఎంత వరకు

పది రెట్ల లెన్స్ పెట్టుకుంటే, ఇంకా బావుంటే ఇరవై రెట్లది, ముందు చూడాల్సింది పొట్ట చివర. చివరి ఖండం గొట్టంలా పొడుగ్గా సాగి ఉంటే అది ట్యూబులిఫెరా అనే పెద్ద గుంపు. వీటిలో ఎక్కువ నల్లగా, కాస్త పెద్దగా ఉంటాయి, రెక్కల్ని వీపు మీద ఒకదాని మీద ఒకటి పడేట్టు మడుస్తాయి, నెమ్మదిగా నడుస్తూ తోకని పైకి ఎత్తుతాయి. ఇళ్ళ ముందు పెంచే ఫైకస్ మొక్కల ఆకులు నిలువునా మడుచుకుని లోపల నల్లటివి గుంపుగా ఉంటాయి చూడండి, అవి ఇవే. వరి కంకుల మీద కనపడే హాప్లోత్రిప్స్ కూడా ఈ గుంపే. మిరప పూవులో నల్లటిది కనపడగానే భయపడేముందు ఈ గొట్టం ఉందేమో చూడండి. గొట్టం ఉంటే అది నల్ల తామర పురుగు కాదు.

గొట్టం లేకుండా, రెక్కలు వీపు మీద పక్కపక్కనే సమాంతరంగా ఉంటే టెరిబ్రాన్షియా గుంపు. పంటల్ని పీడించేవి చాలావరకు ఇందులోనే ఉన్నాయి. ఇందులో కూడా రెక్క వెడల్పుగా, చివర గుండ్రంగా, తెలుపు నలుపు పట్టీలతో ఉంటే అది ఏయోలోత్రిపిడే కుటుంబం, మీసాలకి తొమ్మిది కణుపులు, ఇతర చిన్న పురుగుల్ని తినేవి వీటిలో చాలా ఉన్నాయి. పసుపు ఒళ్ళు, ఒక్కో ముందు రెక్క మీద మూడేసి ముదురు మచ్చలు ఉంటే స్కోలోత్రిప్స్, అది ఎర్రనల్లిని తినే మిత్ర పురుగు. రెక్క సన్నగా, చివర మొనదేలి ఉంటే త్రిపిడే కుటుంబం, మన అసలు కథ ఇక్కడ.

ఆకు పురుగు, పూత పురుగు

మిరపలో ఎప్పటి నుంచో ఉన్నది సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. 1919లో హుడ్ అనే ఆయన దక్షిణ భారతంలో సేకరించిన పురుగుల్ని చూసి పేరు పెట్టాడు. లేత పసుపు రంగు, పొడవు మిల్లీమీటరు చుట్టుపక్కల. లెన్స్‌తో పొట్ట పైభాగం చూస్తే ప్రతి ఖండం మొదట్లో అడ్డంగా సన్నటి ముదురు గీత, మధ్యలో గోధుమ రంగు మచ్చ ఉంటాయి. రెక్కలు మసక రంగు, చివర కాస్త లేత. మీసాల మొదటి కణుపు లేత, తర్వాతవి ముదురు. ఇది లేత ఆకుల్ని వదలదు, చిగురు దగ్గరే ఉంటుంది, పిందె మీద గీకితే కాయ మీద గోధుమ రంగు గరుకు మచ్చలు పడతాయి. పూవులో కూడా కనపడవచ్చు గానీ దాని బలమంతా చిగురులోనే.

కొత్తది, అంటే నల్ల తామర పురుగు, త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో కార్నీ అనే ఆయన థాయ్‌లాండ్ నుంచి వర్ణించాడు. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద ఉన్నట్టు మొదట రిపోర్టయింది, మిరపని ముంచెత్తింది మాత్రం 2021లో. ఆడదానికి పొట్ట ముదురు గోధుమ, దాదాపు నలుపు, తల, వక్షం మాత్రం అంతకంటే లేతగా, గోధుమలో నారింజ కలిసిన రంగులో ఉంటాయి. కాళ్ళు పసుపు. ముందు రెక్కలు ముదురు, కానీ వక్షానికి అతుక్కునే చోట స్పష్టంగా లేత రంగు పట్టీ ఉంటుంది, రెక్కలు ముడిచి కూర్చున్నప్పుడు వీపు మీద ఆ లేత మచ్చ లెన్స్‌లో చక్కగా కనపడుతుంది. మీసాల్లో మూడో కణుపు పసుపు, నాలుగు, ఐదు కణుపుల మొదళ్ళు కూడా పసుపే. పెద్ద పురుగులు పూలలో గుంపుగా, పిల్ల పురుగులు ఎక్కువగా ఆకుల అడుగున. పూరేకుల మీద గోధుమ గీతలు, పూలు ఎండి రాలడం, కాయ నిలవకపోవడం, ఆకు అడుగున గీకినట్టు గోధుమ రంగు, పైన పసుపు మచ్చలు. ఇవన్నీ కలిసి కనపడితే అనుమానం బలంగా పెట్టుకోండి.

కానీ అనుమానమే. ఎందుకంటే త్రిప్స్ హవాయియెన్సిస్ అని ఒకటుంది, అది కూడా పూలలోనే ఉంటుంది, దాని ఆడది కూడా రెండు రంగులే, పొట్ట గోధుమ, తల వక్షం నారింజ పసుపు, రెక్క మొదట్లో లేత పట్టీ కూడా ఉంటుంది. లెన్స్‌తో ఈ రెండిటినీ విడదీయడం కష్టం. రోజూ వందల పురుగులు చూసేవాళ్ళు కూడా స్లైడు లేకుండా సంతకం పెట్టరు.

మైక్రోస్కోపు కింద, వరసగా

నాలుగు వందల రెట్లు చూపించే కాలేజీ మైక్రోస్కోపు ఉంటే చాలు. ఫోల్డ్‌స్కోప్ లాంటి 140 రెట్ల కాగితం మైక్రోస్కోపుతో మీసాల కణుపులు, రెక్క వెంట్రుకలు చూడొచ్చు, పలకల మీది సన్న వివరాలకి అది చాలదు.

ముందు మీసాల కణుపులు లెక్కపెట్టండి, తల వైపు నుంచి మొదలుపెట్టి చివరి దాకా. మొదటిది పొట్టిగా లావుగా ఉంటుంది. చివరి ఒకటి రెండు కణుపులు మరీ చిన్నవి, అక్కడే తప్పు లెక్క వస్తుంది, ఫోకస్ కాస్త పైకీ కిందికీ తిప్పుతూ రెండు మీసాలూ లెక్కపెట్టి సరిచూసుకోండి. సిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌కి ఎనిమిది, ఫ్రాంక్లినియెల్లా అనే మరో గుంపు జాతులకి ఎనిమిది, త్రిప్స్ పార్విస్పైనస్‌కి ఏడు, పసుపు రంగు త్రిప్స్ పామికి ఏడు, ఉల్లిలో కనపడే త్రిప్స్ టబాసికి ఏడు. త్రిప్స్ హవాయియెన్సిస్‌లో ఏడు గానీ ఎనిమిది గానీ ఉండొచ్చు, కాబట్టి లెక్క ఒక్కదాన్ని పట్టుకుని ఆగిపోవద్దు.

తర్వాత తల నడినెత్తి. అక్కడ త్రికోణంగా మూడు చిన్న కళ్ళుంటాయి, ఒసెల్లై అంటారు. వాటి చుట్టూ వెంట్రుకలు జతలుగా ఉంటాయి. ముందు కంటికి ముందు ఒక జత ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. త్రిప్స్ ప్రజాతికి, అంటే పేరు త్రిప్స్ అని మొదలయ్యే జాతులకి, ఆ జత ఉండదు, మొత్తం రెండే జతలు. ఫ్రాంక్లినియెల్లాకి, సిర్టోత్రిప్స్‌కి మూడు జతలు. ఈ ఒక్క చూపుతో గుంపు సగానికి తగ్గిపోతుంది. మూడో జత (మొదటిది లేని త్రిప్స్‌లో కూడా దీన్ని మూడోదనే పిలుస్తారు) ఎక్కడ మొలిచింది అన్నది రెండో ప్రశ్న. సిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌లో వెనక కళ్ళ రెండిటి మధ్య, త్రిప్స్ పామిలో త్రికోణానికి కాస్త బయట, త్రిప్స్ పార్విస్పైనస్‌లో చిన్నగా త్రికోణం ముందు అంచుల మీద.

తల వెనకాల వచ్చే పలక, ప్రోనోటమ్, చాలా మాట్లాడుతుంది. సిర్టోత్రిప్స్‌లో ఆ పలకంతా ఒత్తుగా అడ్డ గీతలు, మరీ పొడుగు వెంట్రుకలు ఉండవు. త్రిప్స్‌లో వెనక మూలల్లో మాత్రమే రెండు జతల పొడుగు వెంట్రుకలు. ఫ్రాంక్లినియెల్లాలో వెనక మూలల్లోనే కాదు, ముందు అంచులో, ముందు మూలల్లో కూడా పొడుగు వెంట్రుకలుంటాయి. ఈ తేడా కాస్త అలవాటైతే మెరుగైన స్టీరియో మైక్రోస్కోపులో స్లైడు చేయకముందే పట్టేయొచ్చు.

ముందు రెక్క మీద రెండు ఈనెలుంటాయి, వాటి మీద వెంట్రుకల వరస చూడండి. ఫ్రాంక్లినియెల్లాలో రెండు ఈనెల మీదా వరస మొదటి నుంచి చివరి దాకా తెగకుండా సాగుతుంది. సిర్టోత్రిప్స్‌లో కొన్నే, దూరం దూరంగా. త్రిప్స్ పామి, హవాయియెన్సిస్‌లలో రెండో ఈనె మీద వరస నిండుగా ఉంటుంది గానీ మొదటి ఈనె మీద మధ్యలో ఖాళీ వచ్చి, బయటి సగంలో మామూలుగా మూడే వెంట్రుకలు. త్రిప్స్ పార్విస్పైనస్‌లో మొదటి ఈనె మీద కూడా వరస దాదాపు నిండుగా ఉంటుంది. రెండు రంగుల పురుగు, త్రిప్స్ ప్రజాతి అని తేలాక, ఈ రెక్క ఒక్కటే హవాయియెన్సిస్‌ని పక్కకి పెట్టేస్తుంది.

ఇంకా ఖాయం కావాలంటే పొట్ట ఎనిమిదో పైపలక వెనక అంచు. అక్కడ సన్నటి పళ్ళ వరస ఉంటే దాన్ని దువ్వెన అంటారు. పామి, టబాసి, హవాయియెన్సిస్ మూడింటికీ పూర్తి దువ్వెన ఉంటుంది. పార్విస్పైనస్‌కి ఉండదు, ఉన్నా పక్కల్లో కొద్దిగా మాత్రమే. వక్షం వెనక భాగంలోని మెటానోటమ్ పలక మధ్యలో పార్విస్పైనస్‌కి వల గళ్ళ అల్లిక కనపడుతుంది, పామికి మాత్రం వెనక్కి కలుసుకుంటూ వెళ్ళే గీతలు, దాంతోపాటు ఒక జత చిన్న చుక్కల్లాంటి సెన్సిల్లాలు. పార్విస్పైనస్‌కి ఆ చుక్కలు లేవు. చివరిగా పొట్ట కింది పలకలు. పార్విస్పైనస్‌లో మూడు నుంచి ఆరో పలక దాకా మధ్యలో అదనపు వెంట్రుకలుంటాయి, రెండులో, ఏడులో ఉండవు. పామిలో ఏ కింది పలక మీదా ఉండవు.

ఫ్రాంక్లినియెల్లాకీ త్రిప్స్‌కీ ఇంకో గట్టి తేడా ఉంది. పొట్ట పైపలకల పక్కల్లో సన్నటి దువ్వెన గీతల్లాంటివి, టెనీడియా అంటారు. ఎనిమిదో పలకలో అవి ఊపిరి రంధ్రానికి ముందు ఉంటే ఫ్రాంక్లినియెల్లా, వెనక ఉంటే త్రిప్స్. సిర్టోత్రిప్స్‌కి అవి అసలే ఉండవు, దానికి బదులు పలకల పక్కలంతా ఒత్తుగా నూగు వరసలు. ఆ నూగు చూసినవాళ్ళు సిర్టోత్రిప్స్‌ని మళ్ళీ ఎప్పుడూ వేరేదానితో పొరబడరు.

పసుపు పురుగుల గొడవ

పసుపు రంగులో ఉండి, పొట్ట మీద అడ్డ గీతలు, మచ్చలు ఏమీ లేకుండా శుభ్రంగా ఉంటే త్రిప్స్ పామి అనుమానించండి. 1925లో దీన్నీ కార్నీయే వర్ణించాడు, సుమత్రా నుంచి. వంగ, పుచ్చ, దోస జాతి పంటల్లో ఎక్కువ, మిరపలోనూ ఉంటుంది. బతికున్నప్పుడు దీని ఒసెల్లై ఎర్రగా ఉంటాయి. ఉల్లిలో కనపడే త్రిప్స్ టబాసికి అవి బూడిద రంగు. స్లైడుకోసం క్షారంలో వేస్తే ఆ రంగు పోతుంది, కాబట్టి ముందే చూసి రాసుకోండి. టబాసి ఒళ్ళు పసుపు నుంచి గోధుమ దాకా మారుతుంది, చలికాలం పెరిగినవి ముదురుగా ఉంటాయి, కాబట్టి అదే ఉల్లి చేలో డిసెంబరులో ఒక రంగు, ఏప్రిల్‌లో ఒక రంగు చూసి కొత్త జాతి వచ్చిందని హడావిడి పడొద్దు. స్లైడులో అయితే పొట్ట రెండో పైపలక పక్క అంచు చూడండి, పామికి నాలుగు వెంట్రుకలు, టబాసికి మూడు.

ఈ చిన్న చిన్న వెంట్రుకల లెక్క ఎందుకు అనిపిస్తే వేరుశనగ సంగతి చూడండి. మొవ్వుకుళ్ళు తెగులుని మోసుకొచ్చేది ఫ్రాంక్లినియెల్లా షుల్ట్జి అని మొదట అనుకున్నారు. తర్వాత పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పురుగుల్ని మళ్ళీ జాగ్రత్తగా చూస్తే ప్రధానంగా మోసేది త్రిప్స్ పామి అని తేలింది. పురుగు పేరు తప్పయితే దాని మీద చేసిన పరిశోధన, ఇచ్చిన సలహా అంతా వేరే పురుగు ఖాతాలోకి వెళ్ళిపోతుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగని దెబ్బతీసిన కాండంకుళ్ళు వైరస్ మరో రకం, అక్కడ వైరస్ పుప్పొడిలో ఉంటుంది, వయ్యారిభామ పుప్పొడి ఆకుల మీద పడ్డాక తామర పురుగులు గీకితే మొక్కలోకి దిగుతుంది. అక్కడ పూలలో తిరిగే జాతులేవి అన్నది ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

వేరే పంటల్లో రెండు మూడు మాటలు చాలు. వరి నారుమడిలో ముదురు గోధుమ రంగులో ఉండి ఆకు అంచుల్ని లోపలికి చుట్టి కొనల్ని ఎండబెట్టేది స్టెన్‌కీటోత్రిప్స్ బైఫార్మిస్. జీడిమామిడిలో పెద్దది నల్లగా ఉన్నా పిల్ల పురుగు చూడగానే తెలిసిపోతుంది, పసుపు ఒళ్ళు, పొట్ట మొదట్లో ఎర్రటి పట్టీ, తోక పైకెత్తి దాని చివర మలం బొట్టు మోసుకుని తిరుగుతుంది. అది సెలినోత్రిప్స్ రుబ్రోసింక్టస్. పిల్ల పురుగుతో జాతి చెప్పగలిగే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

స్లైడు చేయడం, పంపడం

లేత రంగు పురుగుల్ని నేరుగా గ్లిసరిన్ చుక్కలో గానీ స్లైడులకి వాడే హోయర్ ద్రావణంలో గానీ పెట్టి కవర్ స్లిప్ వేసి చూడొచ్చు. నల్లటి వాటికి లోపలి పదార్థం అడ్డం వస్తుంది. వెనక కాళ్ళ మధ్య సన్నటి సూదితో చిన్నగా గుచ్చి, 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో కొన్ని గంటలు ఉంచి, తర్వాత నీళ్ళలో కడిగి, సూది మొద్దు వైపుతో పొట్టని మెల్లిగా నొక్కితే లోపలిది బయటికి వచ్చేస్తుంది. ఎక్కువసేపు వదిలేస్తే రంగు మొత్తం పోతుంది, రంగు కూడా మనకి కావాలి, కాబట్టి అదే చోట దొరికిన కొన్నిటిని క్షారంలో వేయకుండా పక్కన ఉంచుకోండి. క్షారం చేతికి తగిలితే కాలుతుంది, గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకి అందకుండా పెట్టండి. కవర్ స్లిప్ వేసేముందు రెక్కల్ని పక్కలకి విప్పి, మీసాలు ముందుకి చాచి సరిచేయండి. ఇక్కడ తొందరపడితే రెక్క ఈనెలు కనపడవు, పని మొదటికొస్తుంది. దాచిపెట్టే స్లైడుకైతే ఆల్కహాల్‌లో 60 నుంచి 100 శాతం దాకా మెట్లుమెట్లుగా మార్చి, లవంగ నూనెలో ఉంచి, కెనడా బాల్సమ్ అనే బంకలో పెడతారు. ఒకటి రెండు కాదు, కుదిరితే పది ఆడ పురుగులు, నాలుగైదు మగవి చేయండి. ఒక్క పురుగులో ఒక వెంట్రుక ఊడి ఉండొచ్చు, ఇంకోదాంట్లో తేడా సహజంగా ఉండొచ్చు.

మిరపలో గొట్టం లేని, రెండు రంగుల పురుగు దొరికి, మీసాలు ఏడు కణుపులు, ముందు కంటికి ముందు వెంట్రుకల జత లేదు, మొదటి ఈనె వరస నిండుగా, ఎనిమిదో పలకకి దువ్వెన లేదు అంటే త్రిప్స్ పార్విస్పైనస్ అని రాసుకోవచ్చు. ఈ నాలుగిట్లో ఒక్కటి కుదరకపోయినా పేరు రాయకండి, "త్రిప్స్ ప్రజాతి" అని ఆపేసి పైకి పంపండి. గుంటూరు దగ్గర లాం ఉద్యాన పరిశోధన స్థానం మిరప మీద పనిచేస్తుంది, బెంగళూరులో కీటకాల కోసమే ఎన్‌బీఏఐఆర్ అనే జాతీయ సంస్థ ఉంది, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళని అడిగితే ఎక్కడికి ఎలా పంపాలో చెప్తారు.

పంపేటప్పుడు సీసా నిండా ద్రావణం పోయండి, గాలి బుడగ ఉంటే దారిలో కుదుపులకి పురుగులు విరిగిపోతాయి. లోపల చిన్న కాగితం ముక్క వేయండి, పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం, తేదీ, పంట, ఆకు నుంచా పూవు నుంచా, గత పదిహేను రోజుల్లో కొట్టిన మందులు ఏవి, పట్టినప్పుడు పురుగు రంగు ఏమిటి, ఒసెల్లై రంగు చూసుంటే అది కూడా.

ఒకవేళ పిల్ల పురుగులే దొరికి తల్లి పురుగు ఒక్కటీ దొరక్కపోతే, పురుగులున్న లేత కొమ్మని నీళ్ళ సీసాలో గుచ్చి, పైన సన్నటి గుడ్డ కట్టి, అడుగున కాస్త తడి మట్టి గానీ టిష్యూ కాగితం గానీ పరిచి నీడలో పెట్టండి. రెండు మూడు రోజులకి కొమ్మ వాడితే కొత్తది మార్చండి. వారం పది రోజుల్లో రెక్కల పురుగులు బయటికొస్తాయి. రాగానే పట్టేయకండి, ఇంకో రోజు ఆగండి, రంగు ముదిరాక తీయండి.